సీసా నిండుగా ఉండాలి

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

ఈ గోడకు వరసగా పెట్టిన గ్రూప్ ఫోటోల్లో 1986 పదో తరగతి బ్యాచ్ లేదు. పొద్దున్నుంచి నలుగురు అడిగారు, "మన ఫోటో ఏదిరా?" అని. ఆ ఫోటో తీసింది నేనే, పోగొట్టిందీ నేనే. ఇన్నేళ్ళూ రీలు మంచిది కాదని చెప్పుకొచ్చాను. రీలు బాగానే ఉంది.

పాల్వంచలో మా ఇంటి సామాన్ల గదే నా డార్క్‌రూమ్. కొత్తగూడెంలో స్టూడియో నడిపే మావయ్య నాకు డి-76 డెవలపర్ కలపడం నేర్పారు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. సల్ఫైట్ అంతా ముందే పోస్తే మెటాల్ కరగదు. అందుకని ముందు ఒక్క చిటికెడు సల్ఫైటే. నీళ్ళు మరిగించి చల్లార్చినవై ఉండాలి, లేకపోతే వాటిలో కరిగిన గాలే మందును తినేస్తుంది.

దాచడం దగ్గర మావయ్య ఇంకా కచ్చితం. ముదురు గోధుమరంగు సీసా, మూత దాకా నిండుగా. అమ్మ ఆవకాయ జాడీలో పైన నూనె తేలేలా చూసేది కదా, అదే సంగతి, గాలి తగలకూడదు. వాడేకొద్దీ మట్టం తగ్గితే కడిగిన గాజు గోళీలు వేసి మళ్ళీ పైకి తేవాలి. షర్బత్ సీసాలో మాత్రం పోయకూడదు, ఇంట్లో పిల్లలుంటారు. సీసా మీద పేరు, కలిపిన తేదీ రాసి పై అలమరలో పెట్టి తాళం వేయాలి. నిండు సీసాలో ఆరు నెలలుండే మందు, సగం సీసాలో రెండు నెలలే. అదీ చల్లటి చోట. మాది రేకుల కప్పు.

నేను కలిపింది దీపావళికి. సంక్రాంతికే సీసా సగమైంది. గోళీలు తమ్ముడి దగ్గరున్నాయి. వాడు ఇవ్వనన్నాడు, నేనూ గట్టిగా అడగలేదు.

మార్చిలో చింతచెట్టు కింద అందరినీ నిలబెట్టి, నడుమ కుర్చీలో లెక్కల సారును కూర్చోబెట్టి తీశాను. ఆ రాత్రి చూస్తే మందు లేత టీ రంగులో ఉంది. పర్వాలేదనుకున్నాను. కడిగి తీస్తే ఫిల్మ్ గాజుముక్కలా తెల్లగా ఉంది. మావయ్య దాన్ని వెలుగుకు పట్టి చూశారు. "అంచున అంకెలు కూడా రాలేదు కదరా. కెమెరా తప్పయితే అవన్నా వచ్చేవి. ముక్క ముంచి చూశావా?" అన్నారు. వెలుగు తగిలిన ఫిల్మ్ కొసను కత్తిరించి మందులో వేస్తే కొద్ది నిమిషాల్లో నల్లబడాలి. నల్లబడకపోతే మందు చచ్చినట్టే. అయిదు నిమిషాల పని. నేను చేయలేదు.

వారంలో పరీక్షలొచ్చాయి, ఎవరి దారిన వాళ్ళం పోయాం. ఆ ఆగస్టులోనే భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. ఆ గొడవలో ఫోటో సంగతి అడిగినవాళ్ళు లేరు. ఇంజనీరునయ్యాక ప్లాంటులో ఏ రసాయనం డ్రమ్ము చూసినా ముందు తేదీ చూస్తాను. మావాళ్ళు నవ్వుతారు.

లెక్కల సారు పోయినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. పిల్లలతో కలిసి ఉన్న ఫోటో ఒక్కటైనా ఉందా బాబూ అని అమ్మగారు అడిగారు. లేదని చెప్పాను. ఎందుకు లేదో చెప్పలేకపోయాను.

అందుకే ఒక పని చేశాను. ఆ రోజు చెట్టు కింద ఎవరెక్కడ నిలబడ్డారో గుర్తున్నంతవరకు డ్రాయింగ్ షీటు మీద గీసి, పేర్లు రాసి తెచ్చాను. వెనక వరసలో మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. భోజనాల దగ్గర బల్ల మీద పెడతాను, చూసి చెప్పండి. సాయంత్రం అది అమ్మగారికి ఇచ్చి వస్తాను.