ముంగిలికి పద్దు ఏది?

(రాయ్‌పూర్ నగరంలోని మోవాలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇక్కడ మాట్లాడవలసిందిగా కోరినవారు నా వృత్తిని దృష్టిలో ఉంచుకొని, హిందీ తెలుగు భాషల సాన్నిహిత్యాన్ని గురించి చెబుతానని ఊహించి ఉంటారు. భాషతోనే ప్రారంభిస్తాను. అయితే ఒకే ఒక్క మాట దగ్గర ఆగుతాను. ఆ మాట ‘అంగన్‌వాడీ’.

హిందీలో ‘ఆంగన్’ అంటే ముంగిలి. ఇల్లాలు పనిచేసుకుంటూనే ఒక కన్ను వేసి ఉంచగలిగేటట్లు, పసిపిల్లలు నిర్భయంగా ఆడుకొనే ఆరుబయలు అది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం దేశంలోని 33 బ్లాకులలో ప్రయోగాత్మకంగా ఆరంభమైంది. ఆ పథకంతోపాటు ఈ మాట కూడా ఊరూరా ప్రవేశించింది. తెలుగువారు దానిని అనువదించుకోలేదు; ఉన్నదున్నట్లుగా తమ మాటల్లో కలుపుకొన్నారు. నేడు దేశమంతటా సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. ఏ రాష్ట్రంలోనైనా తల్లులు ఒకే పేరుతో పిలిచే సంస్థలు మనకు ఎన్ని ఉన్నాయి? జాతీయ సమైక్యతకు ఇంతకంటె సహజమైన నిదర్శనం వెతకనక్కరలేదు.

కాని నగరాలకు వచ్చేసరికి ఒక లోటు కనిపిస్తుంది. మాట వచ్చింది; ముంగిలి రాలేదు. నగరంలోని అనేక కేంద్రాలు అద్దె గదులలో నడుస్తున్నాయి. గది గడప దాటితే మెట్టు, మెట్టు దాటితే రోడ్డు. మన మోవానే తీసుకోండి. రాయ్‌పూర్ నుండి బలౌదాబజార్‌కు పోయే రహదారి ఈ ప్రాంతం గుండానే సాగుతుంది. 2025 నవంబరు 1న నవ రాయ్‌పూర్‌లో ఛత్తీస్‌గఢ్ శాసనసభకు నూతన భవనం ప్రారంభమయ్యేవరకు, పాత శాసనసభకు పోయే వాహనాలూ ఇటే వచ్చేవి. శాసనసభ తరలిపోయినది గాని, సిమెంటు కర్మాగారాలకు పేరుపడిన బలౌదాబజార్ ఎక్కడికీ తరలిపోలేదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మూడేళ్ళ క్రిందట ఈ నగరంలోనే ఒక శిశు కేంద్రం ముందు, సరుకులు దించిన చిన్న వ్యాను ఒకటి వెనుకకు వస్తూ మెట్టును ఢీకొన్నది. పిల్లలు అప్పుడే లోపల భోజనానికి కూర్చున్నారు. ఎవరికీ గాయం కాలేదు. అయితే మెట్టు ప్రక్కన వారు వరుసగా విడిచిన చెప్పులమీదికి చక్రం ఎక్కింది. ఆయమ్మ ఒక్కొక్క చెప్పునూ తీసి, దుమ్ము దులిపి, జతలు కలిపి మళ్ళీ వరుసలో పెట్టడం నేను చూశాను. పది నిమిషాలు ముందు జరిగి ఉంటే ఆమె ఏమి తీయవలసి వచ్చేదో తలచుకొనే ధైర్యం అక్కడున్న వారెవరికీ లేకపోయింది.

తల్లిదండ్రులు నాచేత హిందీలో ఒక అర్జీ వ్రాయించారు. గడప ముందు నాలుగు బలమైన స్తంభాలు నాటించవలసినదని మా ప్రార్థన. అది మూడు కార్యాలయాలు తిరిగింది. రోడ్డు చూసేవారు కేంద్రం తమది కాదన్నారు. కేంద్రం చూసేవారు రోడ్డు తమది కాదన్నారు. ఇంటి యజమాని అద్దెకు ఇచ్చినది గది మాత్రమే అన్నాడు. చివరకు ఒకచోట అర్జీ అంచున ఒక వాక్యం వ్రాసి పంపారు: దీనికి ‘మద్’ ఏదీ లేదు. మద్ అంటే మన తెలుగులో పద్దు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ గదికి పద్దు ఉన్నది. గదిలోని పప్పు బియ్యాలకు, పలకకు, బొమ్మకు పద్దు ఉన్నది. రోడ్డుకూ పద్దు ఉన్నది. ఆ రెంటి నడుమనున్న నాలుగడుగుల ముంగిలికి మాత్రం లేదు. నేడు నేను మీ ముందు పెట్టదలచిన విషయం ఇదే.

ప్రమాదం ఎంతటిదో మొదట గ్రహించాలి. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారం 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించారు. వారిలో దాదాపు ఐదోవంతు మంది పాదచారులు. మూడేళ్ళ బిడ్డ ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. వెనుకకు వస్తున్న వాహనం నడిపేవానికి ఆ బిడ్డ కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇక వేగం సంగతి. వాహనపు తాకిడి శక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగం 50 అయినప్పుడు, ఆ శక్తి రెట్టింపు కాదు. రెండున్నర రెట్లు దాటిపోతుంది.

కనుక అడ్డు అనగానే ఏదో ఒక ఇనుప కడ్డీ నిలబెడితే సరిపోదు. పాదచారులు రోడ్డుమీదికి రాకుండా పెట్టే కంచె వేరు, వాహనాన్ని ఆపే అడ్డు వేరు. మొదటిది మనుషులకు దారి చూపుతుంది. రెండవది బరువును ఎదుర్కొంటుంది. స్తంభానికి బలం పైన కనిపించే రంగులో లేదు, భూమిలోపలి పునాదిలో ఉన్నది. లోతుగా పాతి, కాంక్రీటుతో బిగించిన మందపాటి ఉక్కు గొట్టం పని చేస్తుంది. జానెడు గుంటలో నిలబెట్టినది తాకిన వెంటనే ఒరిగిపోతుంది. స్తంభాల మధ్య ఎడం సుమారు 1.2 మీటర్లు ఉంటే తల్లి బిడ్డను ఎత్తుకొని రావచ్చును, చక్రాల కుర్చీ రావచ్చును. కారు గాని ఆటో గాని దూరలేదు. భారత రోడ్ల కాంగ్రెస్ 2015లో రక్షణ అడ్డుల గురించి, 2018లో వాహన వేగాన్ని తగ్గించే ఏర్పాట్ల గురించి మార్గదర్శకాలు వెలువరించింది. అంటే మనకు విద్య లేక కాదు.

ఈ సమస్య మన ఒక్క దేశానిదీ కాదు. 2014 ఏప్రిల్ 9న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, వింటర్ పార్క్ అనే చోట, మరొక వాహనం ఢీకొనగా అదుపు తప్పిన కారు ఒకటి శిశు కేంద్రంలోనికి గోడను ఛేదించుకొని దూసుకొనిపోయింది. నాలుగేళ్ళ బాలిక మరణించింది. 2019 మే 8న జపానులోని ఓట్సు నగరంలో, కూడలి వద్ద ఉపాధ్యాయినులతో నిలబడి ఉన్న శిశు పాఠశాల పిల్లలమీదికి కారు దూసుకొనివచ్చి, రెండేళ్ళ పసివారు ఇద్దరు మరణించారు. తరువాత అక్కడి ప్రభుత్వం శిశు పాఠశాలల పిల్లలు నిత్యం నడిచే దారులన్నింటినీ దేశవ్యాప్తంగా తనిఖీ చేయించింది. ఎక్కడ అడ్డు కావాలో, ఎక్కడ వేగం తగ్గించాలో పట్టికలు వేయించింది. ముందు లెక్క, పిమ్మట నిధి. ఈ క్రమం మనం గమనించదగినది.

మనకు అటువంటి అనుభవం లేకపోలేదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో, కాపలా లేని రైల్వే గేటు వద్ద పాఠశాల బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పిల్లలు మరణించారు. ఆ వార్త విని కంట తడిపెట్టని తెలుగు ఇల్లు లేదు. ఇట్టి క్రాసింగులన్నీ తొలగించాలని 2012లోనే కాకోడ్కర్ సంఘం సిఫారసు చేసి ఉన్నది. కొరత జ్ఞానంలో లేదు, నిధిలోనే. 2017-18 బడ్జెటులో ఐదేళ్ళకు లక్ష కోట్ల రూపాయల లక్ష్యంతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ ఏర్పడింది. 2019 జనవరి నెలాఖరుకు బ్రాడ్‌గేజి మార్గాలలో కాపలా లేని క్రాసింగులు తొలగించబడ్డాయి. పద్దు తెరచిన తరువాత రెండేళ్ళు పట్టింది. పద్దు తెరవడానికి పట్టిన కాలంలోనే మాసాయిపేట జరిగింది.

ఇక మన ముంగిలికి డబ్బు ఎక్కడినుండి రావాలి? నాకు తోచినంతవరకు మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది నగరపాలక సంస్థ. రాజ్యాంగపు 74వ సవరణ 1993 జూన్ 1న అమలులోనికి వచ్చింది. దానితో చేరిన పన్నెండవ షెడ్యూలులో రోడ్లు, వంతెనలు స్థానిక సంస్థల విషయాలుగా పేర్కొనబడ్డాయి. వార్డులో రోడ్డు మరమ్మతు అంచనా వేసేటప్పుడే, ఆ దారిలోని శిశు కేంద్రం ముందు అడ్డును అదే అంచనాలో ఒక వరుసగా చేర్చవచ్చును. విడిగా అడిగితే అది కోరిక. అంచనాలో చేరితే అది పని.

రెండవది పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకం. 1993 డిసెంబరులో ప్రారంభమైన ఈ పథకం క్రింద, 2011-12 నుండి ఒక్కొక్క సభ్యునికి ఏటా 5 కోట్ల రూపాయల పరిమితి నిర్ణయమైంది. మన్నికైన ప్రజోపయోగ నిర్మాణాలకు సభ్యుడు సిఫారసు చేస్తారు. జిల్లా యంత్రాంగం పరిశీలించి మంజూరు చేస్తుంది. గది ప్రైవేటు యజమానిదైనా, స్తంభం నిలిచేది ప్రజల రోడ్డు అంచున. ఈ సంగతి అర్జీలో స్పష్టంగా వ్రాయాలి.

మూడవది శిశు సంక్షేమ వ్యవస్థ. గ్రామాలలో కొత్త అంగన్‌వాడీ భవనానికి 12 లక్షల రూపాయలు ప్రమాణంగా పెట్టి, అందులో 8 లక్షలు అప్పటి ఉపాధి హామీ పథకం నుండి, 2 లక్షలు ఆర్థిక సంఘం నిధుల వంటి వాటినుండి, 2 లక్షలు మహిళా శిశు అభివృద్ధి శాఖ ద్వారా సమకూర్చే ఏర్పాటు జరిగింది. మూడు పద్దులు కలసి ఒక ఇల్లు కట్టగలిగినప్పుడు, రెండు పద్దులు కలసి నాలుగు స్తంభాలు నాటలేవా? అద్దె గది ఎంచుకొనేటప్పుడు గడపకు, వాహనాలకు మధ్య ఎడం ఎంతో చూడాలన్న నియమానికైతే డబ్బే అవసరం లేదు.

కంపెనీల విరాళాలూ రావచ్చును, వద్దనను. కాని విరాళంతో నాటిన స్తంభం విరిగితే మళ్ళీ నాటేదెవరు? అందుకే పద్దు కావాలంటున్నాను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఎ విభాగం, రోడ్డు నిర్మాణ నిర్వహణలలో నిర్ణీత ప్రమాణాలు పాటించని కారణంగా మరణమో వైకల్యమో కలిగితే, బాధ్యులైనవారికి లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తున్నది. ఆ జరిమానా వసూలైన దినాన ఏ తల్లికీ ఆనందం ఉండదు.

మిత్రులారా, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడింది. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడింది. రెండు రాష్ట్రాల పుట్టినరోజు ఒక్కటే. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడుతూ పెరుగుతున్నారు. కేంద్రం గడపలో విడిచిన చెప్పుల వరుసలో ఏ జత తెలుగు బిడ్డదో, ఏ జత ఛత్తీస్‌గఢీ బిడ్డదో ఎవరూ చెప్పలేరు. ఆ వరుసను కాపాడడానికి మనం కలసి ఒక అర్జీ వ్రాద్దాము. మోవాలోని ప్రతి శిశు కేంద్రం గడప నుండి రోడ్డుకు ఎన్ని అడుగులో టేపుతో కొలిచి, ఆ కొలతలను అర్జీకి జతచేద్దాము. హిందీలో వ్రాసే పని నాకు వదలండి. కొలిచే పనికి రేపు ఉదయం ఎవరెవరు వస్తారో ఇప్పుడే చెప్పండి.