పయస్విని మీద వేలాడే వంతెన



కొన్నేళ్ల క్రితం కర్ణాటకలో సుళ్య దగ్గరి అరంబూరు వెళ్లాను. పశ్చిమ కనుమల అడవుల్లోంచి వచ్చే పయస్విని నది మీద 1989లో గిరీశ్ భరద్వాజ్ కట్టిన కాలినడక వంతెన చూశాను. ఆయన చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఊరివాళ్లు అడిగితే నేర్చుకుని కట్టారు. తర్వాత వందకు పైగా కట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

నడుస్తుంటే వంతెన ఊగుతుంది. మన బరువు ఉక్కు తాళ్ల మీదుగా గట్లలో పాతిన దిమ్మెలకు చేరుతుంది. రెండు గట్లూ పట్టుకుంటేనే వంతెన నిలుస్తుంది.

వాగు పొంగితే బడి మానే పిల్లలు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. ఈ స్వర్ణోత్సవం గుర్తుగా ఒక్క వాగు దాటిద్దాం. లెక్కలు మేం వేస్తాం. ఊళ్లను కదిలించాల్సింది, ఎప్పటిలాగే, గురువులు మీరే.