బొంత గుడ్డ ఎక్కడ కొనాలి?

(మహిళా పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టర్లమైన మేము లెక్కల పుస్తకాల గురించి మాట్లాడాలి గాని, బొంతల సంగతి మాకెందుకని మీరనుకోవచ్చు. మధ్యాహ్నపు తీరికలో బొంతలు కుట్టి అమ్ముదామనుకునే సభ్యులు మమ్మల్ని మొదట అడిగే ప్రశ్న ఒకటే: గుడ్డ ఎక్కడ కొనాలి? ఈ ప్రశ్నకు ఒకసారి మేము తప్పు జవాబు చెప్పాం. అందుచేత ఆ సంగతితోనే మొదలుపెడతాం.

2018లో మా పరిధిలోని ఒక సంఘంలో పన్నెండుమంది సభ్యులు బోనస్ డబ్బులోంచి మనిషికి 500 రూపాయల చొప్పున 6,000 రూపాయలు పోగుచేశారు. పట్నంలో ఒక దుకాణంలో ముక్కగుడ్డలు కిలోల లెక్కన అమ్ముతున్నారు. ధర విని "చవకే, తీసుకోండి" అన్నాం. మూట విప్పకుండానే తూకం వేయించుకుని తెచ్చారు. సగానికి పైగా పాలిస్టర్ కలిసిన ముక్కలే. తెలియక రెండూ కలిపి కుట్టారు. మొదటి ఉతుకులోనే నూలు ముక్కలు ముడుచుకుపోయాయి, పాలిస్టర్ ముక్కలు ఉబ్బుగా నిలిచాయి. ఎరుపు రంగు దిగి తెలుపుకు అంటింది. కొన్నవాళ్లు బొంతలు తిరిగి తెచ్చి ఇచ్చారు. దుకాణానికి వెళితే బిల్లు చూపమన్నారు. బిల్లు తీసుకోలేదు. ఆ డబ్బు దాణాకు పనికొచ్చే డబ్బు. తప్పు సభ్యులది కాదు, సలహా ఇచ్చిన మాది.

ఆనాడు ఒక పెద్దావిడ అడిగిన మాట మాకు ఇప్పటికీ గుర్తు: "పాలల్లో నీళ్లు కలిస్తే మిషను చెబుతుంది సారూ, గుడ్డకు మిషనేదీ?"

గుడ్డకూ పరీక్షలున్నాయి. మూడు చాలు.

ఒకటి, నిప్పు పరీక్ష. అంచునుంచి నాలుగు పోగులు లాగి, పళ్లెం మీద పట్టుకుని అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పిల్లలు దగ్గర లేనప్పుడు చేయండి.

రెండు, రంగు పరీక్ష. తెల్ల గుడ్డ తడిపి రుద్దండి. రంగు అంటితే ఆ ముక్కను తెల్లదాని పక్కన కుట్టకండి.

మూడు, ముడత పరీక్ష. అర మీటరు కొలిచి, నానబెట్టి, ఆరబెట్టి మళ్లీ కొలవండి. ఎంత తగ్గిందో తెలుస్తుంది. నూలు గుడ్డ ఏదైనా సరే, ఉతికి ఆరేసిన తర్వాతే కత్తెర పెట్టాలి.

ఇక ఎక్కడ కొనాలన్న సంగతి. మొదటి బొంతకు దుకాణం అక్కరలేదు. మీ ట్రంకు పెట్టెలోని పాత నూలు చీరలు, పంచెలు చాలు. ఎన్నోసార్లు ఉతికినవి కనుక అవి ఇక ముడుచుకోవు, రంగు దిగదు. ఐదున్నర మీటర్ల చీరను మధ్యకు కోసి, రెండు ముక్కలను పక్కపక్కన కలిపితే పెద్ద బొంతకు ఒక పొర వస్తుంది. పై ముక్కలకు ఊరి దర్జీని అడగండి.

రెండో బొంతకు అడుగుగుడ్డ మాత్రం కొనండి. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు బొంతకు 36 అంగుళాల పన్నా గుడ్డ 5 మీటర్లు సరిపోతుంది. దీన్ని మండల కేంద్రంలో తెలిసిన దుకాణంలోనే తీసుకోండి. మీటరుకు నాలుగు రూపాయలు ఎక్కువైనా, బస్సు చార్జీ ఉండదు, బాగులేకపోతే వెళ్లి అడగవచ్చు.

దగ్గరలో చేనేత సహకార సంఘం ఉంటే తప్పక వెళ్లండి. వారూ మనలాంటి సభ్యులే. 1976లో ఏర్పడిన ఆప్కో దుకాణాల్లోనూ నూలు బట్ట దొరుకుతుంది. పెడన వైపు వారికి అచ్చు వేసిన కలంకారీ గుడ్డ దగ్గరే. సిరిసిల్ల మరమగ్గాల మీద నూలు, పాలిస్టర్ రెండూ నేస్తారు కనుక అడిగి తీసుకోవాలి.

చీరాల, ప్రొద్దుటూరు, విజయవాడ వస్త్రలత, సికింద్రాబాద్ జనరల్ బజార్ వంటి పెద్ద బజార్లకు ఆఖరున వెళ్లండి. టోకు దుకాణాల్లో తానులే అమ్ముతారు, రెండు మీటర్లు కోసి ఇవ్వరు. నాలుగు బొంతలు అమ్ముడుపోయాక, పదిమంది కలిసి ఒక తాను తెచ్చి పంచుకుంటే లాభం.

కిలోల లెక్కన కొనే గుడ్డ అంతా చెడ్డదని మేము అనడం లేదు. మూట విప్పి చూపించేచోటే కొనండి. కిలో 200 రూపాయలకు తెచ్చి అందులో సగమే పనికొస్తే, మీకు పడ్డ ధర 400.

ఎంత చిన్న కొనుగోలైనా బిల్లు తీసుకోండి, పుస్తకంలో రాయండి. ఆ పన్నెండుమంది బొంతలు విప్పి, నూలు ముక్కలు వేరుచేసి, ఇంటి చీరలతో మళ్లీ కుట్టారు. పెట్టిన డబ్బు చేతికి రావడానికి ఏడాది పట్టింది. మీకు ఆ ఏడాది పోకూడదనే మా కోరిక.

పరీక్ష లేకుండా చెంబెడు పాలు తీసుకోని మనం, పరీక్ష లేకుండా మూరెడు గుడ్డ కొనవద్దు. సెలవు.