కోత చిన్నదైనంత మాత్రాన

 

ఎం.ఎస్. పట్టాలు అందుకుంటున్న మీ తలుపును రేపటి నుంచి కొత్త పద్ధతులు, కొత్త యంత్రాలు తడతాయి. వద్దనమని చెప్పడానికి నేను రాలేదు. 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా ల్యాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతితో, పిత్తాశయం తీసి, మన దేశంలో ఆ విద్యకు బాట వేశారు. బిల్లు మాత్రమే చూస్తే అది ఖరీదైన ఆపరేషనే. కానీ కూలికి వెళ్లే మనిషి నెలపాటు ఇంట్లో కూర్చోకుండా వారం పది రోజుల్లో పనిలోకి దిగితే ఆ ఇంటికి అదే చవక. బిల్లులో కనబడని ఈ లెక్క కూడా మీరే వేయాలి.

అదే లెక్క మరోచోట తలకిందులైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలిదశలో గర్భసంచిని, దాని చుట్టూ ఉన్న కణజాలాన్ని తీసేస్తారు. ఈ ఆపరేషన్‌ను చాలా ఏళ్లు కీహోల్ పద్ధతిలోనూ, రోబోతోనూ చేశారు. రక్తం తక్కువ పోతుంది, త్వరగా ఇంటికి వెళ్తారు. రెండూ నిజాలే. వీటిని పొట్ట కోసి చేసే ఆపరేషన్‌తో పోలుస్తూ 631 మంది స్త్రీలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. పొట్ట కోసి ఆపరేషన్ చేసినవారిలో నాలుగున్నరేళ్లకు వ్యాధి తిరగబెట్టకుండా బతికి ఉన్నవారు 96.5 శాతం. కీహోల్ లేదా రోబో ఆపరేషన్ చేయించుకున్నవారిలో 86 శాతమే. మరణాలూ వాళ్లలోనే ఎక్కువ. గర్భసంచిని పట్టి కదిపే పరికరం మీద, పొట్టలో నింపే గ్యాస్ మీద అనుమానాలున్నాయి. ఆ ఫలితాలు వచ్చేదాకా, మూడో రోజుకే వార్డులో నడుస్తున్న రోగిని చూసి ఆపరేషన్ గెలిచిందనుకున్నారు. నాకు బాధ అక్కడే. క్యాన్సర్ ఆపరేషన్ ఫలితం మూడో రోజున తేలదు కదా!

ఇక ధర సంగతి. మహారాష్ట్రలోని డొండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ రవీంద్రనాథ్ టొంగావ్‌కర్ స్టెరిలైజ్ చేసిన దోమతెర గుడ్డను హెర్నియాకు మెష్‌గా వాడి చూపించారు. అలాంటి చవక మెష్‌ను కంపెనీ మెష్‌తో ఉగాండాలో పోల్చి చూశారు. అప్పట్లో మొదటిది సుమారు ఒక డాలరు, రెండోది 125 డాలర్లు. ఏడాది తర్వాత హెర్నియా తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2016లో ప్రకటించారు. ఇదీ కొత్త పద్ధతే. దీన్ని అమ్మడానికి మాత్రం ఎవరూ మీ గది ముందు నిలబడరు. మీరే వెతుక్కోవాలి.

కొత్త ఆపరేషన్ మొదలుపెట్టినప్పుడు, అది మీకు ఎన్నో కేసో రోగికి చెప్పండి. "ఇంతకుముందు ఎంతమందికి చేశారు సార్?" అని అడగడానికి చాలామంది జంకుతారు, అందుకే అడగకముందే చెప్పండి. ప్రతి రోగి ఫోన్ నంబరూ రాసి పెట్టుకోండి. మూడేళ్లకు, ఐదేళ్లకు మీరే ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోండి.