రాయల్టీ అడిగినవారి గుణగణాలు

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ పెద్దాయన, అరువిచ్చిన గ్రామఫోను రికార్డు తిరిగొచ్చినప్పుడు దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి కొత్త గీతలేమైనా పడ్డాయా అని చూసేవారు. ఆయన చేతిలో తిన్న చివాట్లకు ఈ వక్త కృతజ్ఞుడు. పిలిచి శాలువా కప్పిన సభవారికీ కృతజ్ఞుడే. ఇక రాయల్టీల పాత తగాదాలోకి దిగవచ్చు.

రికార్డింగు కంపెనీల మీద నోరు విప్పిన విదేశీ కళాకారుల సంగతులు అందరికీ తెలిసినవే. 1990లలో ప్రిన్స్ బుగ్గ మీద 'బానిస' అని రాసుకు తిరిగాడు. 2021 నుంచి టేలర్ స్విఫ్ట్ తన పాత ఆల్బమ్‌లు మళ్లీ పాడి విడుదల చేసింది. అవి అలా ఉంచుదాం.

మన దగ్గర మాత్రం అడిగిన హక్కును పక్కనపెట్టి, అడిగిన మనిషి గుణం తేలుస్తారు. 1960లలో గాయకులకు రాయల్టీ కావాలని లతా మంగేష్కర్ పట్టుబట్టారు. పాడినందుకు డబ్బు పుచ్చుకున్నాక ఇంకేమీ అడగరాదన్నది మహమ్మద్ రఫీ మాట. ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. అప్పటినుంచీ రఫీ సాధువు, లత ఆశపోతు. రఫీ తన వాటా వదులుకోవచ్చు, కాదనేదెవరు? కోరస్‌లో పాడే పేదరాలి వాటా కూడా ఆయన మంచితనం ఖాతాలోనే పోవాలా? అన్నట్టు, 1949లో 'మహల్' సినిమా పాట రికార్డు లేబుల్ మీద లత పేరే లేదు. పాత్ర పేరు 'కామిని' అని అచ్చువేశారు.

అసలు పేచీ 2017 మార్చిది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడుతున్నారంటూ ఇళయరాజా లాయరు నోటీసు పంపారు. ఇలాంటి చట్టం ఉందని తనకు తెలియదనీ, ఉంటే పాటిస్తాననీ చెప్పి బాలు ఆ పాటలు ఆపేశారు. తెలుగువాళ్లం మనవాడి వైపు నిలబడ్డాం. రాజాకు డబ్బు పిచ్చి అని తీర్పిచ్చాం.

ఆ తీర్పు సమర్థించేవారు మొదట ఇద్దరి స్నేహం ఎత్తుతారు. స్నేహం హక్కుపత్రం కాదు. తర్వాత, నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్నాక సంగీత దర్శకుడికేం మిగిలిందంటారు. 1977లో సుప్రీంకోర్టు, వేరే ఒప్పందం లేకపోతే హక్కు నిర్మాతదేనన్న మాట నిజమే. కానీ అదే తీర్పుకు జస్టిస్ కృష్ణయ్యర్ ఓ అనుబంధం రాశారు. పాడే గొంతుకు మన చట్టంలో చోటు లేకపోవడాన్ని తప్పుపట్టి, పార్లమెంటు దృష్టి పెట్టాలన్నారు. దాన్ని వీళ్లు ఉదహరించరు! గాయకులకు ప్రదర్శకుల హక్కులు రావడానికి కాపీరైటు చట్టం 1994 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. 2012 సవరణ మరో మెట్టు ఎక్కింది: సినిమాహాల్లో ప్రదర్శన మినహా మిగతా వాడకాల రాయల్టీలో తమ వాటాను రచయిత, స్వరకర్త కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. దానికోసం రాజ్యసభలో గొంతెత్తిన జావేద్ అఖ్తర్‌కు సినిమావాళ్ల దగ్గర దక్కినవీ నిష్ఠూరాలే.

ఒక్క ఆక్షేపణకు మాత్రం బలముంది. కచేరీకి అనుమతి తెచ్చుకోవలసింది సాధారణంగా నిర్వాహకులు. టిక్కెట్లమ్మేది వాళ్లే. గాయకుడికి నోటీసివ్వడం పొరపాటే. అయితే అది చిరునామాలో పొరపాటు, కోరికలో కాదు. 2019 జూన్‌లో రాజా పుట్టినరోజు కచేరీలో బాలు పాడగానే గొడవ తీరిపోయిందని పత్రికలు రాశాయి. తీరింది స్నేహితుల మధ్య. లెక్క తేలలేదు.

ఎందుకు తేలలేదంటే, ఏ పాటకు ఎవరు ఏం రాసిచ్చారో చూపే కాగితం కళ్లబడదు. అందుకే ఈ వక్త ప్రస్తుతం పాత తెలుగు సినిమా పాటల ఒప్పందాలు, రికార్డు లేబుళ్లు, హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు పోగుచేస్తున్నాడు. లేబుళ్లు, పుస్తకాలు దొరుకుతున్నాయి గానీ ఒప్పందాలే అరుదు. సభలో ఎవరింటి ట్రంకుపెట్టెలోనైనా నిర్మాత సంతకంతో స్టాంపు కాగితం ఉంటే జిరాక్సు ఇస్తే చాలు. పారితోషికం అంకె బయటపడకూడదనుకుంటే దాన్ని కొట్టేసి ఇవ్వండి. హక్కుల పేరా మాత్రం ఉంచండి.