గట్టెక్కిన నావను మరల నీట దింపుట

(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సముద్రము కంటికి కానరాని ఈ బెంగుళూరులో నావల మరమ్మతును గూర్చి ప్రసంగమా యని కార్యదర్శిగారు మొదట నవ్విరి. అలసూరు చెరువులో మద్రాసు ఇంజనీరు గ్రూపువారు తెరచాప పడవలు నడుపుట మీలో కొందరైనను చూచియుందురు. మనకిక్కడ నున్న సముద్రము అంతమాత్రమే. కాని మేము పుట్టి పెరిగినది కోరంగి సమీపమున. మా పెదనాన్నగారికి అచ్చట ఒక కొయ్య నావ యుండెను.

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. కలకత్తాకును ట్రింకోమలీకిని నడుమ పెద్ద ఓడలను బాగుచేయదగిన తావు అదియొక్కటే యని పాత గెజిటీర్లు వ్రాసినవి. 1839 నవంబరు 25వ తేదీ ఉప్పెన ఆ యూరిని ముంచెను. గోదావరి మేట రేవును పూడ్చెను. బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచినది ఈ రేవు పేరుననే.

చలిదేశములవారు శీతకాలమున పడవలను గట్టున కెక్కింతురు. మనకు ఆ విశ్రాంతి వేసవిలో వచ్చును. 2015 నుండి తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవలు వేటకు పోరాదు. అంతకు మునుపు ఈ గడువు 47 దినములే. యంత్రములేని నావలకు ఈ నిషేధము వర్తింపదు. అయినను ఎండలు ముదిరినపుడు నావను గట్టుకు లాగుట మా యింట ఏ శాసనమును లేనినాటి ఆచారము.

నావకు నీటికంటె ఎండయే పెద్ద శత్రువని పెదనాన్నగారు చెప్పెడివారు. నీటిలో ఉబ్బి బిగిసియున్న పలకలు ఎండలో ముడుచుకొని సందులు విచ్చును. కావున నావపై తాటాకు పందిరి వేయుట మొదటి పని. అడుగున పట్టిన గుల్లలను తడి యారకముందే గీకవలెను. ఆరినచో ఉలికిని లొంగవు. అడుగున నున్న బిరడా తీసివేయవలెను. ఏలయన ఉప్పునీరు కొయ్యను కాపాడును, నిలిచిన వాననీరు కుళ్ళించును. ఇది వినుటకు వింతగా నుండును గాని నిజము.

పిమ్మట సుత్తితో పలక పలకను తట్టి వినవలెను. గట్టి కొయ్య ఖంగుమనును. పురుగు తొలిచినది బోలుగా మ్రోగును. పురుగని మనమందుము గాని అది నత్తజాతి జీవి. సూదిమొన యంత రంధ్రమున దూరి లోపలనే పెరుగును. పైకి పలక చెక్కు చెదరదు. కత్తిమొన సులువుగా దిగిన చోట పలకను మార్చుటయే మార్గము.

అన్నిటికంటె ఓపిక కావలసినది సందులు పూడ్చుట. పాత దూదిని కొసవరకు లాగి, కొత్తదానిని పేని, ఉలితో కొట్టి దింపి, పైన నూనెలో కాచిన గుగ్గిలము పూయుదురు. మరీ బిగించినను ముప్పే. నీటిలో కొయ్య ఉబ్బినపుడు పలకయే ఊడివచ్చును.

ఒక యేడు ఇంట పెండ్లి వచ్చి, అప్పులు మీదపడి, పెదనాన్నగారు తొందరపడిరి. పాత దూదిమీదనే తారు పూయించిరి. నావ పైకి నిగనిగలాడెను. మాకప్పుడు పదునాలుగేండ్లు, మూడవనాడు మేమును వెంట పోతిమి. ఏటిమొగ దాటగానే ముందరి పలకల నడుమ నీరు చిమ్మెను. ఆరుగురము, బొక్కెన ఒకటి, వంటకుండ ఒకటి. రెండు గడియలు తోడితిమి. తుదకు బరువు తగ్గించుటకై వలలను కోసి సముద్రములో విడిచితిమి. ప్రాణములతో గట్టు చేరితిమి గాని, ఆ వలల అప్పు తీరుటకు మూడేండ్లు పట్టినది. పెదనాన్నగారు ఆ రాత్రి ఎవరిని ఏమియు అనలేదు. మరునాడు తామే ఉలి తీసికొని కూర్చుండి దూది లాగనారంభించిరి.

అటుపిమ్మట తాళ్ళ పురులు విప్పి లోపల చూడనిదే, తెరచాప కుట్టును వ్రేళ్ళతో లాగి పరీక్షింపనిదే ఆయన నావ కదల్చలేదు. గుడ్డకంటె ముందు కుట్టుదారమే చీకును. నీట దింపినవెంటనే సముద్రమునకు పోవుటయు మానిరి. ఉప్పుటేటిలో రెండు రాత్రులు నావను కట్టియుంచి నీరు ఊరనిచ్చెడివారు. పలకలు ఉబ్బి సందులు మూసికొనిన పిదప, మూడవ తెల్లవారుజామున నీరు తోడి, ఆ దినమంతయు ఏటిలోనే తెరచాప యెత్తి తిప్పెడివారు. మరల నీరు ఊరనిచో నాలుగవనాడు ఏటిమొగ దాటెడివారు.

ఇదంతయు ఇక్కడ చెప్పుటకు కారణము కలదు. మొన్న మా మనుమరాలు బొమ్మపడవను చూపి చుక్కానిని రడ్డరు అనెను. చుక్కాని అరబ్బుల నోటినుండియు, లంగరు పారసీకుల నోటినుండియు మన రేవులకు దిగినవి. తెరచాప మాత్రము మన యింటి చాపయే. కాకినాడ, భీమునిపట్నము, మచిలీపట్నము ప్రాంతముల పెద్దలు ఇంటనున్న సభ్యులు నావ భాగములకు, మరమ్మతు పనులకు వారు వాడు మాటలను అడిగి, ఊరి పేరుతో కార్డుపై వ్రాసి సంఘ కార్యాలయమున నీయవలెనని కోరుచున్నాము. దూది కొట్టు ఉలికి మా యూరిలో ఒక పేరు, పొరుగూరిలో వేరొక పేరు ఉండెను. రెండును వ్రాసి పంపుడు.