ఎవరి దేహము వారికి కొలబద్ద

(సైకిలు సాధనలో ఆరోగ్య లక్ష్యములను గురించి గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీ యెదుట మాటలాడుటకు మేము ఎంచుకొనిన విషయము సైకిలు. సైకిలును గురించి పంచాయతీ సభ్యులకు వేరుగా చెప్పవలసిన దేమున్నదని మీలో కొందరికి తోచవచ్చును. అది మన గ్రామములకు క్రొత్తది కాదు. తపాలా బంట్రోతు సంచి, పాలవాని బిందెలు, బడిపంతులుగారి గొడుగు, చేనికి పోవు రైతు పార, ఇవన్నియు ఒకనాడు సైకిలు మీదనే పొలిమేర దాటినవి. ఆనాడు సైకిలు తొక్కుట వ్యాయామమని ఎవరును తలంపలేదు; అది పనిలో భాగము. నేడా పనులను మోటారు సైకిలు చేయుచున్నది. కాళ్లకు పని తగ్గినది గాని కంచములో అన్నము తగ్గలేదు.

దీని ఫలితము మన కండ్ల యెదుటనే యున్నది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము 2021 నాటికి మన దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. పెద్దలలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు కలదు. మధుమేహము పట్నవాసుల జబ్బని మనము చిరకాలముగా అనుకొనుచున్నాము. ఆ సర్వేలో గ్రామములయందు సైతము నూటికి 9 మందికి చేరువగా ఈ వ్యాధి కనబడినది. మీ వార్డులో వంద మంది పెద్దలున్నచో వారిలో తొమ్మిది మంది ఎవరో మీకు తెలిసియే యుండును. తెలియనిచో, వారికే ఇంకను తెలియదేమో!

ఇట్టివారికి వైద్యుడు మందు వ్రాసి యిచ్చి, “కొంచెము వ్యాయామము చేయుడు” అని చెప్పి పంపును. అటకమీది పాత సైకిలును దింపి, చైనుకు నూనె వేసి, ట్యూబుకు గాలి కొట్టించుకొనువారు కొందరు కలరు. ఇది మెచ్చదగిన సంగతియే. కాని అటుపిమ్మట ఎంత దూరము, ఎంత సేపు, ఎంత వేగముగా తొక్కవలెనో వారికి చెప్పువారు లేరు. మేము గ్రామములలో తిరుగునప్పుడు ఈ విషయమున రెండు పొరపాట్లు తరచుగా గమనించుచున్నాము.

మొదటిది ఆరంభశూరత్వము. మొదటినాడే పది మైళ్లు తొక్కి, రెండవనాడు మోకాళ్లు పట్టుకొని మంచమెక్కి, మూడవనాడు సైకిలును మరల అటక మీదికి చేర్చుట. రెండవది భయము. “మాకు షుగరున్నది, బీపీ ఉన్నది, ఈ వయసులో మాకెందుకు?” అని అరుగు దిగకుండుట. చూచుటకు ఇవి రెండును వేరు. కాని మూలమొక్కటే. ఇరువురును తమ దేహమును పరుల దేహముతో పోల్చుచున్నారు. ఒకడు పరుగెత్తు కుర్రవానిని చూచి తానును అంతటివాడనని తలంచును; ఒకడు వానినే చూచి తాను ఎందుకును కొరగానని తలంచును. లక్ష్యము ప్రక్కవానిని చూచి పెట్టుకొనునది కాదు. ఎవరి దేహము వారికి కొలబద్ద. మేము నేడు చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

ఇక ఆచరణ మార్గమును విచారింతము.

మొదటి మెట్టు పరీక్ష. 30 ఏండ్లు నిండినవారికి రక్తపోటు, మధుమేహ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో చేయుదురు. ఆశా కార్యకర్త నడిగినచో దారి చూపును. రక్తపోటు 180/110 కు చేరినవారు అది అదుపులోనికి వచ్చి వైద్యుడు సరేయనువరకు సాధన ప్రారంభింపరాదు. గుండెజబ్బు వచ్చినవారు, మెట్లెక్కునప్పుడు రొమ్ములో పట్టివేసినట్లుండువారు, మధుమేహముచేత కంటి లోపలి నరములు దెబ్బతిన్నవారు వైద్యుని అనుమతి లేనిదే సైకిలు ఎక్కరాదు. ఇది భయపెట్టుటకు చెప్పుమాట కాదు. పొలములో విత్తుటకు ముందు నేల పదును చూచుట వంటిది.

రెండవ మెట్టు లక్ష్యనిర్ణయము. పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషములు మధ్యరకపు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. దీర్ఘవ్యాధులున్నవారికిని, శక్తి మేరకు, ఇదియే సూచన. ఇంత చేయలేనివారు ఏ కొంచెము చేసినను ఏమియు చేయకుండుటకంటె మేలని ఆ సంస్థయే చెప్పినది. ఇందు గమనింపవలసిన దేమనగా, లెక్క నిమిషములలో నున్నది, మైళ్లలో లేదు. ఎదురుగాలి వీచుచున్ననాడు, గతుకుల బాట మీద, బరువైన సైకిలుతో నాలుగు మైళ్లు తొక్కుట, చదునైన తారురోడ్డు మీద ఎనిమిది మైళ్లు తొక్కుటకు సమానము కావచ్చును. కావున వ్యాధిగ్రస్తుడు దూరమును గాక కాలమునే లక్ష్యముగా పెట్టుకొనవలెను.

శ్రమ మధ్యరకముగా నున్నదో లేదో తెలిసికొనుటకు యంత్రములు అక్కరలేదు. తొక్కుచు ప్రక్కవానితో మాటలాడగలిగి, పాట మాత్రము పాడలేకున్నచో శ్రమ తగినంతగా నున్నది. పాట కూడ సాగినచో చాలదు. రెండు మాటలకే ఆయాసము వచ్చినచో మితిమీరినది. రక్తపోటునకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మందులు వాడువారు నాడిని లెక్కించి వేగమును నిర్ణయించుకొనరాదు. ఆ మందులు నాడివేగమును పెరుగనీయవు. వారికి మాటయే సరియైన గుర్తు.

ఉదాహరణకు, మధుమేహమున్న 52 ఏండ్ల రైతు పండ్రెండు వారముల ప్రణాళిక వేసికొనెననుకొందము. మొదటి రెండు వారములు, వారమునకు నాలుగు దినములు, దినమునకు 10 నిమిషములు. పిమ్మట రెండేసి వారములకు 5 నిమిషముల చొప్పున పెంచుచు పోయినచో తొమ్మిదవ వారమునకు 30 నిమిషములగును. పదునొకండవ వారమున ఐదవ దినమును చేర్చినచో 150 నిమిషములు పూర్తియగును. ఈ పండ్రెండు వారముల గడువులో ఒక సౌకర్యము కలదు. హెచ్‌బీఏ1సీ అను రక్తపరీక్ష గడచిన సుమారు మూడు నెలల చక్కెర సగటును తెలుపును. మొదటి దినమున ఒక పరీక్ష, చివర ఒక పరీక్ష చేయించుకొనినచో తన శ్రమకు ఫలమెంతయో రైతు కాగితము మీద చూచుకొనవచ్చును. రక్తపోటున్నవారికి క్రమమైన వ్యాయామముచేత పై సంఖ్య సుమారు 5 నుండి 8 వరకు తగ్గుట కలదు. అట్లని వైద్యుడు చెప్పకుండ మందు మానరాదు.

ఇందుకొక చిన్న నోటుపుస్తకము చాలును. తేదీ, తొక్కిన నిమిషములు, ఆయాసము ఎట్లున్నది, ఆ రాత్రి నిద్ర ఎట్లున్నది, ఈ నాలుగు గడులు గీసికొనవలెను. చదువు రానివారికి ఇంటిలోని బడిపిల్లలు వ్రాసిపెట్టుదురు. నిద్ర చెడి, మరునాడు కాళ్లు బరువెక్కినచో ఆ వారము పెంపు వాయిదా వేయవలెను. వాపును చూచి బలుపని భ్రమపడకుండ కాపాడునది ఈ పుస్తకమే.

ఇక వ్యాధిని బట్టి తీసికొనవలసిన జాగ్రత్తలు. ఇన్సులిను గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడువారికి వ్యాయామమున చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. వీరు పరగడుపున తొక్కరాదు. రక్తములో చక్కెర 90కి లోబడియున్నచో ముందుగా కొంత ఆహారము తీసికొనవలెను. జేబులో ఎల్లప్పుడును చక్కెర పొట్లముండవలెను. వణుకు, చల్లని చెమట, కండ్లు తిరుగుట తోచినచో వెంటనే దిగి, మూడు నాలుగు చెంచాల చక్కెర తిని, 15 నిమిషములు కూర్చుండవలెను. చక్కెర 250 దాటి ఒంటిలో నలతగా నున్ననాడు సాధన మానవలెను. పాదములకు స్పర్శ తగ్గినవారు వట్టి కాళ్లతో తొక్కరాదు. ఇంటికి రాగానే అరికాళ్లను చూచుకొనవలెను.

మోకాళ్ల నొప్పులున్నవారికి సైకిలు మంచి సాధనము. దేహభారము సీటు మీద నుండును గాని కీళ్ల మీద పడదు. కాని మన గ్రామములలో పెక్కుమంది సీటును మిక్కిలి క్రిందికి దింపి తొక్కుదురు. దానిచేత మోకాలు ఎక్కువగా ముడుచుకొని నొప్పి హెచ్చును. సీటు మీద కూర్చుండి, మడమను అట్టడుగున నున్న పెడలు మీద పెట్టినప్పుడు కాలు తిన్నగా సాగవలెను. ఆపైన ముందుపాదముతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగియుండును. అదియే సరియైన ఎత్తు. ఉబ్బసమున్నవారు మంచు దట్టముగా నున్న ఉదయములయందును, నూర్పిళ్ల దుమ్ము లేచునప్పుడును తొక్కరాదు. వైద్యుడిచ్చిన ఇన్‌హేలరును వెంట నుంచుకొనవలెను. వేసవిలో అందరును ఏడు గంటల లోపుననే సాధన ముగించవలెను.

తొక్కుచుండగా రొమ్ములో నొప్పి, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకు నొప్పి, అకారణముగా గుండెదడ కలిగినచో “ఇంకొక్క ఫర్లాంగే గదా” అనుకొనరాదు. అచ్చటనే ఆగి, 108కి కబురు చేయవలెను. లక్ష్యము పెట్టుకొనువాడు చేరవలసిన చోటును మాత్రమే గాక ఆగవలసిన చోటును గూడ ముందుగనే నిర్ణయించుకొనవలెను. జ్వరము వచ్చి వారము పది దినములు ఆగినచో మరల సగము కాలముతో మొదలిడవలెను. అది ఓటమి కాదు. వాన వెనుకబడిన యేట రైతు నాటులు ఆలస్యముగా వేయును గాని సేద్యము మానడు గదా!

ఫ్రాన్సు దేశీయుడు రాబర్ట్ మార్షాన్ అను వృద్ధుని విషయము ఇచ్చట చెప్పదగియున్నది. ఆయన 1911లో జన్మించెను. 2012లో, నూరవ యేట, ఒక గంటలో 24 కిలోమీటర్లకు పైగా సైకిలు తొక్కెను. పిమ్మట శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో సాధన చేసెను. ఆ సాధనలో ఐదింట నాలుగు వంతులు తేలిక తొక్కుడు. ఒక వంతు మాత్రమే కష్టమైనది. 2014లో, 102వ యేట, గంటలో దాదాపు 27 కిలోమీటర్లు తొక్కెను. 2017లో, 105వ యేట, మరల గంటసేపు తొక్కి 22 కిలోమీటర్లు దాటెను. ఇది మునుపటికంటె నాలుగు కిలోమీటర్లు తక్కువ. అయినను ఆ వయసువారిలో అదియే రికార్డు. శక్తి పెరిగినప్పుడు లక్ష్యము పెరిగినది. వయసు మీరినప్పుడు తగ్గినది. సాధన మాత్రము ఆగలేదు. ఆయన 2021లో, 109వ యేట మరణించెను. మన హైదరాబాదునకు చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదమున ఒక కాలు పోగొట్టుకొనిన పిమ్మట సైకిలు సాధన చేసి, 2013లో ఆసియా పారా సైక్లింగు పోటీలలో రెండు రజత పతకములు గెలిచెను. మన రైతులు రికార్డులు స్థాపింపవలెనని మేము కోరుట లేదు. దేహమున లోపము కలిగినవారికి లక్ష్యము మరింత అవసరమని చెప్పుటకే వీరిని పేర్కొంటిమి.

ఈ విషయమున పంచాయతీ చేయదగిన పనులు కొన్ని కలవు. వానికి పెద్ద నిధులు అక్కరలేదు. చెరువు కట్ట మీదనో, బడి చుట్టునో ఒక బాటలో గుంతలు పూడ్పించి, తెల్లవారు జామున దీపము వెలుగునట్లు చూడవచ్చును. నెలకొక దినమున ఆరోగ్య సిబ్బందిని పిలిపించి పంచాయతీ కార్యాలయములో రక్తపోటు చూపించవచ్చును. పంక్చర్లు వేయు పనివానితో మాటలాడి పాత సైకిళ్లకు బ్రేకులు, సీటు ఎత్తు సరిచేయించవచ్చును. స్త్రీలు సంకోచము లేక తొక్కుటకు వారికొక వేళను ఏర్పరచవచ్చును. జూను 3వ తేదీని ప్రపంచ సైకిలు దినముగా ఐక్యరాజ్య సమితి 2018లో ప్రకటించినది. ఆనాటికి మనకు ఎండలు ఇంకను తగ్గియుండవు. కావున సాధనను కార్తీకమున ప్రారంభించి మాఘము నాటికి పండ్రెండు వారములు ముగియునట్లు చూచుట మన వాతావరణమునకు తగినది. ఆనాడు సభ జరిపినచో, ముందుగా వచ్చినవానికి బహుమతి యీయవలదు. పండ్రెండు వారములు నోటుపుస్తకమును విడువక నింపినవారికి, అది దినమునకు పది నిమిషములే యైనను, ఈయుడు. ఊరివారికి లక్ష్యమనగా ఏమో అప్పుడు తెలియును.

తుదకు మీకొక మనవి. గ్రామప్రజలు మన ప్రసంగములకంటె మన నడవడిని ఎక్కువగా గమనింతురు. మీలోను రక్తపోటున్నవారు, చక్కెరజబ్బున్నవారు ఉండకపోరు. రేపు ఉదయము ఆరోగ్య కేంద్రమునకు పోయి పరీక్ష చేయించుకొనుడు. వైద్యుడు సరేయన్న మరునాడు సైకిలును బయటకు తీసి పది నిమిషములు తొక్కుడు. ఆ పదియే పుస్తకములో వ్రాసికొనుడు.